అన్వరీ బేగం తొలగించిన పుస్తకాలు

మా బడి గ్రంథాలయానికి ఆ ఏడాది ఎన్ని మార్కులొచ్చాయని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. ఆ మార్కుల పేరుతో ఒక మనిషిని దొంగను చేయబోయారు. అది మాత్రం ఊపిరి ఉన్నంతవరకు మరిచిపోను.

ఆ మనిషి పేరు అన్వరీ బేగం. పలమనేరులో మా ఉన్నత పాఠశాలలో ఆయా. గదులు ఊడ్చడం, మరుగుదొడ్లు కడగడం, కుండల్లో నీళ్లు నింపడం ఆమె ఉద్యోగం. గ్రంథాలయం ఆమె పని కాదు. కాగితాల మీద గ్రంథాలయం ఇన్‌ఛార్జిని నేను. నా పేరు రూతు, తెలుగు పంతులమ్మను, పుట్టిల్లు కార్వేటినగరం. ముక్కు మీదే కోపమని స్టాఫురూములో నాకు పేరు. ఆ పేరుకు నేనేమీ సిగ్గుపడను. ఇన్‌ఛార్జిని నేనైనా గ్రంథాలయం తాళంచెవి మాత్రం అన్వరక్క కొంగుకే ఉండేది. పిల్లలకు పుస్తకం కావాలంటే నా దగ్గరికి వచ్చేవాళ్లు కాదు. "బూబవ్వా, బూబవ్వా" అని ఆమె వెంట పడేవాళ్లు.

ఆమె పుట్టిల్లు మదనపల్లె వైపు. పెళ్లయి పలమనేరు వచ్చింది. భర్త ఖలందర్ బైండింగు పనివాడు. బజారు వీధిలో మనిషి కాళ్లు చాపుకుంటే నిండిపోయేంత అంగడి. వ్యాపారుల లెక్కల పుస్తకాలు, వకీళ్ల కాగితాలు, బడి పుస్తకాలు, ఏవి తెచ్చినా కుట్టి అట్ట వేసి ఇచ్చేవాడు. ఆయన బంక అంటించేవాడు, ఆమె కుట్టేది. మైదాపిండి బంకలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం. ఆ చేతులు కడుక్కోకుండా బిడ్డను ఎత్తుకుందని అత్త చేత తిన్న తిట్లు ఆమె నవ్వుతూ చెప్పేది.

ఉర్దూ ఆమెకు ఇంట్లోనే నేర్పారు. తెలుగు మాత్రం కుట్టే కాగితాల మీదే నేర్చుకుంది. కాగితాలు మడిచి వరస చూసుకోవాలి కదా. ముందు అంకెలు, తర్వాత అక్షరాలు, ఆ తర్వాత నెమ్మదిగా మాటలు. "కుట్టేది ఏందో తెలీకుంటే సూది నడవదమ్మా" అనేది.

ఖలందర్ ఛాతీ జబ్బుతో పోయాడు. అంగడి మూతపడింది. కొడుకు ఆఫ్తాబ్ అప్పటికి చిన్నవాడు. ఎవరో పుణ్యాత్ములు చెప్పి ఆమెను మా బడిలో ఆయాగా పెట్టించారు. వచ్చిన మొదటి రోజు గ్రంథాలయం గది ఊడ్చమంటే ఊడ్చి, బీరువాల ముందు చాలాసేపు నిలబడిపోయిందట. అందులో సగం పుస్తకాలు ఆమె మొగుడు బైండు చేసినవి, ఆమె చేత్తో కుట్టినవి. నీలం గుడ్డ వీపులు, మందపు అట్టలు. బడి వాటిని ఎప్పుడో ఆ అంగడికే ఇచ్చి కుట్టించుకుంది. ఆ రోజు నుంచి ఆ గదిని ఆమె వదల్లేదు. ఊడ్పులూ కడుగుళ్లూ అయ్యాక చేతులు సబ్బుతో రుద్ది కడుక్కొని, కొంగుకు తుడుచుకొని, మధ్యాహ్నం గంట కొట్టే వేళకు తలుపు తీసేది. నాకు క్లాసుల మీద క్లాసులు. నిజం చెప్పాలంటే, ఆమె లేకపోతే ఆ గదిలో సాలెపురుగులు కాపురం పెట్టేవి.

ఒక మార్చి నెలలో జిల్లా నుంచి ఒక పొత్తం వచ్చింది. 'పాఠశాల గ్రంథాలయాల ప్రమాణాలు, మూల్యాంకన మార్గదర్శకాలు' అని దాని పేరు. బడిలో గ్రంథాలయం ఎట్లా ఉండాలి, ఎట్లా నడవాలి, చూడటానికి వచ్చినవాళ్లు దేనికెన్ని మార్కులు వేయాలి, అంతా అందులో ఉంది. మంచి మార్కులు వచ్చిన బడికి కొత్త పుస్తకాలు, బల్లలు ఇస్తారట. రాని బడిలో ఆ గదిని ఇంకో పనికి వాడుకోవచ్చట. హెడ్మాస్టరు తిరుమలయ్య గారు దాన్ని నా చేతిలో పెట్టి, "సూసుకో రూతమ్మా, నేను దిగిపోయే ముందర మన బడి పరువు పోగూడదు" అన్నారు. ఆయన జూలై నెలాఖరుకు రిటైరవుతున్నారు.

నేను ఆ పొత్తం పెద్దగా చదువుతుంటే అన్వరక్క గచ్చు మీద కూర్చొని ఒక్కో మాటా విన్నది. 'బీరువా అరలు చిన్నపిల్లల చేతికి అందే ఎత్తులో ఉండాలి' అన్నానో లేదో, "అయితే ఆ పైన ఉండే బొమ్మల పుస్తకాలు కిందికి దించల్ల" అని లేచింది. 'వారానికి ఒకసారైనా ఉపాధ్యాయులు పిల్లలకు పెద్దగా చదివి వినిపించాలి' అంటే నా వైపు చూసి, "అది మీ పని మేడమ్మా, నా మీద తోయొద్దు" అని నవ్వింది. వెలుతురు గురించి, కూర్చునే చాపల గురించి, ఇంటికి పుస్తకం ఇచ్చే పద్ధతి గురించి విన్నాక తల ఊపింది.

"ఇది రాసినోళ్లకు పిల్లోళ్లు తెలుసమ్మా. బాగా రాసినారు."

ఆ తర్వాత తొలగింపు అని ఒక అంశం వచ్చింది. చినిగినవి, పేజీలు ఊడినవి, కాగితం ముదిరి అక్షరం మసకబారినవి, సొంత అట్ట పోయి మళ్లీ మళ్లీ బైండు చేసినవి ఏటా వేరుచేసి తీసేయాలి. పనికిరాని పుస్తకాలతో నిండిన బీరువా పిల్లలను చదువుకు దూరం చేస్తుంది. ఇదీ అందులో ఉన్న మాట. నేను చదివి ఆపాను. ఆమె బీరువాల వైపు చూసింది.

"మళ్లీ బైండు చేసినవంటే ఆయన చేసినవేగా?"

"అన్నీ కాదులే అక్కా. బాగుండేవి ఉంచుకుందాం."

"నిజమేలేమ్మా" అంది. "అక్షరం కనపడకుంటే బిడ్డ కండ్లు పాడైతాయి. తీసేద్దాం."

తీయడం మొదలుపెట్టాం. నేను ఒక్కో పుస్తకం తెరిచి చూసి ఉండాలా పోవాలా అనేదాన్ని. పోవాలంటే ఆమె చేతిలో తీసుకొని, వీపు నిమిరి, గోనెసంచిలో పెట్టేది. విసిరేది కాదు. ఒక నక్షత్రాల పుస్తకం మూలలు అరిగి గుండ్రంగా అయిపోయాయి. నడుమ పేజీలు లేవు. "ఇది ఆఫ్తాబు ఒళ్లో ఉండగా కుట్టినానమ్మా. పాలు తాగతా దారం పట్టుకొని గుంజేవాడు" అంది. ఉంచుదామా అక్కా అన్నాను. వద్దంది. "పేజీలు లేని పుస్తకం ఇస్తే బిడ్డ ఆడికొచ్చి ఆగిపోతాది. పాపం కదా" అంది. ఆమె నాకంటే గట్టిది. మొగుడి చేతిపని అంతా సంచుల్లోకి పోతుంటే ఒక్క కన్నీటిబొట్టు రాల్చలేదు.

అంతలో పదో తరగతి జవాబు పత్రాలు దిద్దడానికి నన్ను చిత్తూరు వేశారు. నేను తిరిగి వచ్చేసరికి సంచులు లేవు, గది అద్దంలా ఉంది. పాత పేపర్ల అంగడికి పోయి ఉంటాయనుకున్నాను. ఎండాకాలం సెలవులొచ్చాయి. ఎవరూ ఏమీ అడగలేదు.

నేను లేనప్పుడు జరిగింది ఇది, నాకు తనిఖీ తర్వాతే తెలిసింది. తిరుమలయ్య గారు ఆమెను పిలిచి సంచులు పాత పేపర్ల అంగడికి వేసేయమన్నారు. ఆమె కదల్లేదట. "సార్, ఆడ ఏస్తే సాయంత్రానికి బోండాల పొట్లాలైతాయి. తిని, నూనె తుడుచుకొని కాలవలో పారేస్తారు. పిల్లోళ్లు చదివిన అక్షరం కాళ్ల కిందికి పోతాది" అందట. ఆయన విసుక్కొని, "అట్లయితే నీకు తోచింది చేసుకో తల్లీ. నాకు గది ఖాళీ కావల్ల, అంతే" అన్నారట. ఆమెకు తోచింది ఆమె చేసింది.

జూలైలో తనిఖీ వచ్చింది. వచ్చినాయన పేరు మునిశేఖర్. కుర్రవాడే. నెమ్మదిగా మాట్లాడేవాడు, పిల్లలను "నాయనా, అమ్మా" అని పిలిచాడు. అందుకే ఆయన మీద పూర్తిగా కోపం తెచ్చుకోలేకపోయాను, తెచ్చుకోలేకపోయానే అన్న కోపం నాకు ఇంకా ఉంది. అరలు చూశాడు, చాపలు చూశాడు, ఒక ఏడో తరగతి పిల్లను చదివిన కథ చెప్పమన్నాడు. ఆ పిల్ల ఆపమన్నా ఆపకుండా చెప్పింది. ఆయన నవ్వుకుంటూ సెల్లులో మార్కులు నొక్కుతున్నాడు. తిరుమలయ్య గారి మొహం వెలిగిపోతోంది. అన్వరక్క తలుపు పక్కన కొంగు కప్పుకొని నిలబడి ఉంది.

"తొలగింపు బాగా చేశారు మేడమ్. తీసేసిన పుస్తకాలు ఏమయ్యాయి?" అన్నాడు.

పేపర్ల అంగడికి వేశామన్నాను.

"రసీదు ఇవ్వండి, ఫోటో ఎక్కించాలి. చివరి అనుబంధంలో ఉంది చూడండి. ముగ్గురి సంతకాలతో వేలం వేయాలి, లేదా వ్యాపారికిచ్చి రసీదు తీసుకోవాలి."

ఆ చివరి అనుబంధం మా బడిలో ఎవరూ చదవలేదు. నేను తిరుమలయ్య గారి వైపు చూశాను, ఆయన అన్వరక్క వైపు చూశారు. ఆమె రెండడుగులు ముందుకొచ్చింది.

"అంగడికి ఏయలేదు సార్. మట్టి చేసినాం."

"ఏమిటీ?"

"గుడ్డలో చుట్టి, కుట్టి, మా గోరీల కాడ గుంత తీయించి పెట్టినాం. మాలో పాతబడిన పవిత్రమైన కాగితాలు అట్లనే మట్టి చేస్తారు సార్, యాడంటే ఆడ పారేయరు. ఇవి వేరే పుస్తకాలే. అయినా ఇన్నేండ్లు బిడ్డలు చదివినవి కదా అని..."

మా క్రైస్తవుల్లోనూ పోయినవాళ్లను మట్టే చేస్తాం. నాకు ఇంకేమీ చెప్పక్కరలేదు. కానీ మునిశేఖర్ సెల్లులో ఆ మాటకు చోటు లేదు. ఆయన తిరుమలయ్య గారి వైపు తిరిగి, "మీకు తెలిసే జరిగిందా సార్?" అని అడిగాడు.

"నేను పేపర్ల అంగడికి వేయమని చెప్పినాను" అన్నారు తిరుమలయ్య గారు.

అది అబద్ధం కాదు. కానీ ఆ తర్వాత అన్న మాటను ఆయన మింగేశారు. అన్వరక్క ఆయన మొహంలోకి చూసింది.

"సార్, ఆ ఎనక ఇంకో మాట అన్నారు. నీకు తోచింది చేసుకోమని."

"నాకు గుర్తు లేదమ్మా."

మునిశేఖర్ ఇబ్బందిగా కదిలాడు. "ఇవి ప్రభుత్వ ఆస్తి. పుస్తకాలు ఉన్నట్టు రుజువు లేకపోతే లెక్క తేలనివి అని రాయాలి నేను. అట్లా రాస్తే ఈమె మీద విచారణ వస్తుంది. ఎక్కడ పెట్టారో అక్కడ తీసి చూపించండి, ఒక్క ఫోటో చాలు. ఎల్లుండి మళ్లీ వస్తాను" అని వెళ్లిపోయాడు. కిటికీ బయట పిల్లలు అంతా విన్నారు.

నేను నేరుగా హెడ్మాస్టరు గదిలోకి పోయి తలుపు వేశాను. "పుస్తకం కాలికి తగిలితే కళ్లకద్దుకునే మనిషి మీరు. ఆమె చేసింది మీకు అర్థం కాలేదా? ఒక్క మాట చెప్తే మీ ముల్లె ఏం పోయింది?" అన్నాను. ఆయన కుర్చీలో కుంగిపోయి కూర్చున్నారు.

"అరవద్దు రూతమ్మా. ఈ నెలాఖరుకు దిగిపోతా ఉండాను. ఇప్పుడొక మచ్చ పడితే పెన్షను కాగితాలు ఏండ్ల తరబడి తిరగతాయి. మా బావమరిది ఆ తిప్పట్లోనే పోయినాడు, నేను కండ్లారా సూసినా."

"అయితే ఆమె మీద పడొచ్చునా మచ్చ?"

ఆయన చెడ్డవాడు కాదు. భయస్థుడు. భయస్థుడి పక్కన నిలబడ్డవాళ్లకే దెబ్బ తగులుతుంది, ఎప్పుడూ అంతే.

ఊరి నోటికి మూత ఉంటుందా? మర్నాటికి మా మధ్యాహ్న భోజనం వండే నాగులమ్మ కొళాయి దగ్గర అంటోంది: "అంత నెమ్మది మనిషి, లోపల ఇంత ఉండాదా! బడి పుస్తకాలు అమ్ముకొని, మట్టి చేసినానని కతలు సెప్తా ఉందంట." నేను అక్కడే దులిపేశాను. "నువ్వు చూసినావా? నీ బిడ్డకు పుస్తకం ఇచ్చి చదివించింది ఎవరో అడుగు పో" అని. దులిపితే ఏం లాభం? ఒక నోరు మూస్తే పది నోళ్లు లేస్తాయి.

ఆ రోజు అన్వరక్క తలుపు తీసే వేళకు గ్రంథాలయం తీయలేదు. పోయి చూస్తే లోపల గచ్చు మీద గోడకానుకొని కూర్చొని ఉంది. నేను పక్కన కూర్చున్నాను.

"ఊరు అననీ అక్కా. నీకు తెలుసు, నాకు తెలుసు."

"ఊరు అంటే అననీ మేడమ్మా. ఆఫ్తాబు అడిగినాడు." కొంగున ఉన్న తాళంచెవిని తిప్పుతోంది. "టైర్ల అంగడిలో వానితో పనిచేసేటోళ్లు అన్నారంట. రాత్రి అన్నం ముందర కూర్చొని, నిజమేనా అమ్మీ అని అడిగినాడు. అందరూ అనుకోనీ. కడుపున పుట్టినోడు అడిగినాడే."

అప్పుడు ఏడ్చింది. అన్ని సంచుల పుస్తకాలు పోతున్నప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. నాకు కూడా ఆగలేదు. తవ్వి చూపించేద్దాం అక్కా అన్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకొని నా వైపు అదోలా చూసింది.

"మట్టి చేసినాక తవ్వతారా ఎవురైనా? మీ నాయనను తవ్వతారా మీరు?"

తవ్వుదామని నేను మళ్లీ అనలేదు.

ఆ సాయంత్రం ఆమె మరిది ముజఫర్ ఇంటికి పోయింది. ఆయన గోరీలను చూసుకునే మనిషి. పెద్దవాళ్లను కూడా అడిగి వచ్చి, "మనిషి మీద పడిన నింద పోవడానికి కాగితాలు పైకి తీయడం తప్పు కాదు వదినా. దేవుడు కోపం చేసుకోడు" అన్నాడట. ఆమె రాత్రంతా ఆలోచించుకొని మర్నాడు పొద్దున్నే నాతో, "తవ్విస్తా. ఆఫ్తాబునే రమ్మన్నా, వాడే తవ్వల్ల" అంది.

బడి విడిచాక అందరం పోయాం. ఊరి చివర, మల్బరీ తోటల పక్కన వాళ్ల గోరీలు. నడుమెత్తు గోడ, ఇనుప గేటు. వాళ్లలో ఆడవాళ్లు లోపలికి పోరు. అన్వరక్క గేటు పక్కన రాతి మీద కూర్చుంది. నేను ఆమె దగ్గరే నిలబడ్డాను. మునిశేఖర్ చెప్పులు బయట విడిచి లోపలికి పోయాడు. తిరుమలయ్య గారు కూడా వచ్చారు, ఎందుకొచ్చారో ఆయనకే తెలియనట్టు గోడ పక్కన నిలబడ్డారు. ఆఫ్తాబ్ గడ్డపార భుజాన పెట్టుకొని తల వంచుకొని ఉన్నాడు. తల్లి మొహం చూడలేదు.

ముజఫర్ ముందు నడిచి ఒక గోరీ పక్కన ఆగాడు. అది ఖలందర్‌ది. "ఈ పక్కనే" అని చెయ్యి చూపించాడు. ఆఫ్తాబ్ గడ్డపార ఎత్తబోయి ఆగిపోయాడు. ఉర్దూలో ఏదో అడిగాడు. ముజఫర్ అవునని తల ఊపాడు. పిల్లవాడి చేతిలోంచి గడ్డపార జారి కింద పడింది.

"ఏమైందప్పా?" అన్నాడు మునిశేఖర్.

ముజఫర్ తెలుగులోకి తిరిగాడు. "ఏం లేదు సార్. ఇది మా వదిన జాగా. మా అన్న పోయినప్పుడే పక్క జాగా ఆమెకని ఉంచుకున్నాం. పుస్తకాలు చానా ఉండె. కాగితాలు పెట్టే గుంత నిండిపోయింది. మా వదిన, నా జాగాలో పెట్టు, నేను వచ్చేప్పటికి సర్దుకుంటాం అనింది. అదే ఈ అబ్బికి తెలీదు."

నేను అన్వరక్క వైపు చూశాను. ఆమె గోడ మీదుగా కొడుకునే చూస్తోంది. ఆ గేటు దాటి ఆమె లోపలికి పోయేది జన్మకు ఒక్కసారే. ఆ ఒక్కసారికని ఉంచుకున్న చోటును బడి పుస్తకాలకు ఇచ్చేసింది, ఇచ్చి నాకు కూడా చెప్పలేదు. నాకు దుఃఖం తన్నుకొచ్చింది. ఈ మనిషినా రసీదు అడిగింది మనం!

తిరుమలయ్య గారు గోడ పట్టుకొని అరిచారు. "తవ్వొద్దప్పా! సార్, తవ్వించొద్దు. నేనే సెప్పినా. నీకు తోచింది చేసుకో తల్లీ అని నేనే అన్నా. నాకు బాగా గుర్తుండాది. నా పేరు రాసుకోండి, ఏమైతే అది కానీ. ఆమెను అడగొద్దు."

మునిశేఖర్ ఊపిరి పీల్చుకున్నాడు. "సరిపోతుంది సార్. మీరు రాసిస్తే చాలు, తవ్వక్కర్లేదు" అని సెల్లు జేబులో పెట్టుకున్నాడు.

"తవ్వనీ సార్" అంది అన్వరక్క.

అందరం ఆమె వైపు తిరిగాం. ఆమె కూర్చున్న చోటనుంచి లేచి గేటు పట్టుకొని నిలబడింది.

"ఈ మాట మొన్న అనింటే అయిపోయేది హెడ్మాస్టరు సార్. మీ మీద నాకు కోపం లేదు. ఈ పొద్దు మీరు అన్నా, అనకున్నా ఒకటే. నా కొడుకు సూడల్ల."

ఆఫ్తాబ్ "వద్దు అమ్మీ, వద్దు" అంటూ గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. తెలుగులోనే అన్నాడు, మా అందరి ముందూ. "నాకు సూడాల్సిన పని లేదు. నేను నమ్మతా ఉండా."

"ఇప్పుడు నమ్మతా ఉండావు బేటా. నేను పోయినాక నిన్ను ఎవురైనా అంటారు. అప్పుడు నీ కండ్లతో సూసినానని సెప్పుకోవాల. నమ్మినాననేది చాలదు. పో, తవ్వు."

తవ్వాడు. వర్షాలకు మట్టి మెత్తబడి ఉంది, ఎక్కువసేపు పట్టలేదు. చేతులతో మట్టి తోసి తెల్లగుడ్డ మూట ఒకటి పైకి తీశాడు. కొత్త గుడ్డ. చుట్టూ దగ్గర దగ్గరగా కుట్లు. దాన్ని రెండు చేతుల మీద పెట్టుకొని పసిబిడ్డను తెచ్చినట్టు గేటు దగ్గరికి తెచ్చాడు. అన్వరక్క తన చేత్తోనే ఒక వైపు కుట్లు విప్పింది. లోపల నీలం గుడ్డ వీపులు. పైన నక్షత్రాల పుస్తకం. దాని మూలలు అరిగిన సంగతి నాకు తెలుసు. అత్తరు వాసన వచ్చింది.

ఆఫ్తాబ్ ఆ పుస్తకం వీపు మీద వేలు పెట్టి నిలబడ్డాడు. "ఇది నాయన చేసిందా?" అన్నాడు. ఆమె తల ఊపింది.

మునిశేఖర్ సెల్లు తీసి మళ్లీ లోపల పెట్టేశాడు. ఫోటో కావాలి కదా సార్ అన్నాను, నా గొంతులో ఎగతాళి ఉందో ఏడుపుందో నాకే తెలియదు. "నేను చూశాను మేడమ్. చూశానని రాస్తాను. మిగతాది వాళ్లిష్టం" అన్నాడు. ఏం రాశాడో, దానికి ఎన్ని మార్కులు వేశాడో నేను ఏనాడూ అడగలేదు. తిరుమలయ్య గారి పెన్షనుకు మాత్రం ఏమీ కాలేదు. అంత భయం దేనికో ఆయనకు, పాపం.

అన్వరక్క రవికకు గుచ్చి పెట్టుకున్న దారపు సూది తీసి, రాతి మీద కూర్చొని, విప్పిన వైపు మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది. వెలుతురు తగ్గుతోంది. ఎవరూ పోలేదు. ఆఫ్తాబ్ ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చొని మూట కదలకుండా పట్టుకున్నాడు. వాడి చేతుల మట్టి తెల్లగుడ్డకు అంటుకుంటోంది. ఆమె వద్దనలేదు.

"అమ్మీ, నేను ఆ పొద్దు అట్ల అడగకూడదు" అన్నాడు వాడు చాలా తగ్గు గొంతుతో.

ఆమె దారం ముడి వేసి పంటితో తెంపింది.

"అడిగినావు, సూసినావు. నేను ఈడికి వచ్చేటప్పుడు దొంగ అన్న మాట నా ఎనకాల రాకూడదు బేటా, అంతే. లే, పొద్దు పోతా ఉండాది. జాగ్రత్తగా పెట్టి మట్టి ఎయ్యి."

ఆఫ్తాబ్ మూట ఎత్తుకొని లోపలికి పోయాడు. ముజఫర్ గుంతలోకి దిగి అందుకున్నాడు. మునిశేఖర్, తిరుమలయ్య గారు కూడా లోపలికి వెళ్లి, చెరొక పక్క వంగి, పిడికిళ్లతో మట్టి తీసి వేశారు.